అడుగు లేని కడవ

"చెయ్యి తియ్యి" అన్నాడు పాంఫిలస్. "అది మా అన్న కొడుకు సమాధి. నీ ఇంటి అరుగు కాదు."

నేను తియ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, సమాధి మీద నిలబెట్టిన కడవ మెడ పట్టుకుని, దాని మీది అక్షరాల్లోకి కళ్ళు పొడుచుకుని చూస్తున్నాను. ఆర్కిప్పస్‌కు ఆ రోజు తొమ్మిదోనాటి కర్మ. పాలు, తేనె పోసి, రాతికి రిబ్బన్లు కట్టి చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎండ మాడు మీదికి వచ్చింది. మిగిలింది ముగ్గురం. పాంఫిలస్, అతని తరఫున వ్యాజ్యం నడిపే మోస్కియన్, నేను.

నా పేరు స్ట్రాటన్. ఏథెన్స్‌లో కోర్టుకెక్కేవాళ్ళకు సాక్ష్యాలు వెతికిపెట్టడం నా వృత్తి. తిట్లు తినడం అందులో భాగం కాబట్టి పాంఫిలస్ మాటలు నాకు ఒంటికి అంటలేదు. అయితే ఈసారి నేను కూలికి రాలేదు. ఆర్కిప్పస్ భార్య మెలిన్న నా ప్రాణస్నేహితుడి కూతురు. నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది. ఇప్పుడామెకు ఎనిమిదో నెల. ఆర్కిప్పస్ మేడమెట్ల మీంచి పడి తల పగిలి చచ్చిపోతే, వాడి బాబాయి పాంఫిలస్ కన్నీళ్ళు తుడుచుకుంటూ మొట్టమొదట అన్న మాట, "మావాడికి అసలు పెళ్ళే కాలేదు" అని.

మర్నాడు పొద్దున న్యాయాధికారి ముందు విచారణ. పెళ్ళి రుజువైతే కడుపులో బిడ్డ ఆ ఇంటికి వారసుడు, ఈ ఊరికి పౌరుడు. రుజువు కాకపోతే మెలిన్న ఆ గడప దిగాలి. ఆ బిడ్డకు ఇల్లూ ఉండదు, ఊరూ ఉండదు. అంతవరకూ కడుపుతో ఉన్న విధవ మొగుడి ఇంట్లోనే ఉండాలని చట్టం. అంటే పాంఫిలస్ చేతికింద. ఎంత చక్కటి చట్టమో చూడండి!

రుజువు నేనెక్కణ్ణుంచి తేను? ఆ పెళ్ళి జరిగింది మహమ్మారి రోజుల్లో. తండ్రి ఇద్దరు సాక్షుల ఎదుట కూతురి చెయ్యి తీసి ఆర్కిప్పస్ చేతిలో పెట్టాడు. అంతే. విందు లేదు, ఊరేగింపు లేదు. ఊట దగ్గరికి వెళ్ళి పెళ్ళినీళ్ళు తెచ్చి ఇద్దరికీ స్నానం చేయించిన ముత్తైదువ లేదు. ఊట చుట్టూ దాహంతో పాకుతూ వచ్చి చచ్చినవాళ్ళు పడి ఉంటే నీళ్ళు ఎవరు తెస్తారు? నెల తిరక్కుండా ఆ తండ్రి పోయాడు. సాక్షులిద్దరూ పోయారు. నేనప్పుడు యుద్ధపు ఓడలో తెడ్డు వేస్తున్నాను.

పెళ్ళికాకుండా పోయినవాళ్ళ సమాధి మీద మేము పెళ్ళినీళ్ళ కడవ నిలబెడతాం. బతికుండగా దొరకని స్నానం చచ్చాకైనా దొరకాలని. దానికి అడుగుండదు. పోసిన నీళ్ళు పోసినట్టే మట్టిలోకి దిగిపోతాయి. పాంఫిలస్ ఆర్కిప్పస్ నెత్తిన పెట్టింది ఆ కడవే. నడుమెత్తు ఉంది. ఆ దారిన పోయే ప్రతివాడికీ అది చెప్పే మాట ఒకటే, వీడికి పెళ్ళాం లేదు అని. నోటితో ఆడిన అబద్ధమైతే మర్నాటికి మర్చిపోతారు. దీన్ని ఎవడు మర్చిపోతాడు?

"మంచి పనితనం" అన్నాను పాంఫిలస్‌తో. "ఎక్కడ కొన్నావు?"

"కుమ్మరివాడలో. ఖైరిస్ దగ్గర. ఏం, నువ్వూ కొనుక్కుంటావా?"

"నాకు పెళ్ళైందిలే, పనికిరాదు. ఎప్పుడు కొన్నావు?"

"వాడు పోయిన మర్నాడు. శవం ఇంట్లో ఉండగానే వెళ్ళాను. తయారుగా ఉన్నది చూసి తెచ్చాను."

"మరి పేరు?"

"ఏ పేరు?"

"ఇదుగో, ఇక్కడ. పాడె మీద పడుకున్న కుర్రాడి బొమ్మ తల పక్కన. ఆర్కిప్పస్ అని రాసి ఉంది. తయారుగా ఉన్న కడవ మీద మీవాడి పేరు ఎలా వచ్చింది?"

పాంఫిలస్ మోస్కియన్ వైపు చూశాడు. మోస్కియన్ దానిమ్మ గింజలు నములుతూ సమాధుల మధ్య నీడ వెతుక్కుంటున్నట్టు నటిస్తున్నాడు. వాడికి ముప్పై ఏళ్ళుంటాయేమో. నా దగ్గరే పని నేర్చుకుని, నన్ను మించిపోయానని ఊరంతా చెప్పుకుంటాడు. చెప్పుకోవడంలో మించిపోయాడన్నది నిజమే.

"కొన్నాక రాయించాను" అన్నాడు పాంఫిలస్. "అక్కడే నిలబడి రాయించాను. ఇదేమన్నా నేరమా?"

నేను బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని ఆ అక్షరాల మీద గట్టిగా రుద్దాను. ఒకసారి, రెండుసార్లు. తర్వాత పాలు పోసిన గిన్నెలో మిగిలిన తడి తీసుకుని గోరుతో గీకాను. వేలు ఎత్తి అతని ముక్కు ముందు పెట్టాను.

"ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమే నీ ఖర్మ, పాంఫిలస్. కుండ కాల్చాక పూసిన రంగైతే తడి వేలికి అంటుకుంటుంది. ఈ అక్షరాలు పూతతో పాటు ఆవంలో కాలాయి. అంటే పేరు రాశాకే కడవను కాల్చారు. ఇంత కడవ నీడన ఆరాలంటే వారం పది రోజులు పడుతుంది. తొందరపడితే నిలువునా పగులుతుంది. వాడు పోయిన మూడోనాడు పూడ్చాం. ఆ వేళకే ఇది ఇక్కడ నిలబడి ఉంది."

పట్టుకున్నానన్న సంబరం నాకు లేదు. ఆర్కిప్పస్ పోవడానికి నాలుగు రోజుల ముందు మా ఇంట్లో కూర్చుని వేయించిన చేపలు తిని, మగపిల్లాడైతే మెలిన్న నాన్న పేరు పెడతానని చెప్పి వెళ్ళాడు. ఆ పూటకే ఈ కడవ ఎక్కడో నీడలో ఆరుతూ ఉండి ఉంటుంది. దాని మీద వాడి పేరు, వాడి పాడె, జుట్టు పీక్కుంటూ ఏడ్చే ఆడవాళ్ళు, అన్నీ సిద్ధం.

"మేడమెట్ల మీంచి నువ్వు తోశావా, ఎవరిచేతన్నా తోయించావా?"

పాంఫిలస్ పెదవులు తెల్లబడ్డాయి. మోస్కియన్ చప్పట్లు కొట్టాడు.

"భేష్ గురువుగారూ! ముసలితనం వచ్చినా వేలికి వాడి తగ్గలేదు." వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అయితే ఒక్క సందేహం. ఈ కుండని రేపు కోర్టుకి ఎత్తుకొస్తారా? సమాధి మీదిది పెకలిస్తే మీ మీదే దోషం పడుతుంది. పోనీ తెచ్చారనుకుందాం. కుండ ఏం చెబుతుంది? పాంఫిలస్ గారు ముందుగా కడవ చేయించారని. మెలిన్నకు పెళ్ళైందని చెబుతుందా?"

"హత్య జరిగిందని చెబుతుంది."

"ఓహో, హత్య! మరి హత్య అని ఫిర్యాదు చేసే హక్కు ఎవరికుంది, గురువుగారూ? మీరు నాకు మొదటిరోజు నేర్పిన పాఠం ఇదే కదా?"

నేను తడివేలు బట్టకు తుడుచుకున్నాను.

"చచ్చినవాడి రక్తబంధువులకే" అన్నాడు వాడు, పిల్లలకు చెప్పినట్టు. "దారిన పోయే స్ట్రాటన్‌కు లేదు. ఆడదానికి లేదు. ఆర్కిప్పస్‌కు తండ్రి లేడు, తమ్ముళ్ళు లేరు. ఉన్న ఒక్క రక్తబంధువూ ఇదుగో, మన పాంఫిలస్ గారే. ఆయన మీద ఆయనే కేసు పెట్టుకోవాలన్నమాట. వెళ్ళి బతిమాలండి, పెట్టుకుంటారేమో!"

పాంఫిలస్ మొహంలోకి రంగు తిరిగొచ్చింది. నవ్వాడు కూడా. మనిషిని చంపి, వాడి సమాధి పక్కన నిలబడి, వాడికి నైవేద్యం పెట్టిన తేనెరొట్టె ముక్క చేత్తో పట్టుకుని నవ్వాడు.

"ఉన్న ఒక్కడూ ఇతనేనా?" అన్నాను. "మెలిన్న కడుపులో ఉన్నవాడి మాటేమిటి? రేపు న్యాయాధికారి వాణ్ణి ఆర్కిప్పస్ బిడ్డ అన్నాడంటే ఆ హక్కు వాడిది. ఎన్నేళ్ళకైనా వాడే నీ మెడ పట్టుకుంటాడు. నువ్వు చచ్చేదాకా ఆ పిల్లాడు ఎదుగుతుంటే చూస్తూ ఉండాలి, పాంఫిలస్."

అది వింటే వాడు భయపడతాడనుకున్నాను. మోస్కియన్ గింజలు నమలడం ఆపాడు కానీ పాంఫిలస్ మాత్రం చాలా తాపీగా, నాకు ముందే తెలుసులే అన్నట్టు తలాడించాడు.

"అందుకేనయ్యా, నేను ఏ పనీ ఆఖరి నిమిషానికి పెట్టుకోను. పద మోస్కియన్, ఇంట్లో పనుంది."

ఇద్దరూ పట్నం గుమ్మం వైపు నడిచారు. ఆ మాట నా మెదడులో ముల్లులా దిగింది. అందుకే అంటే ఎందుకు? ఇంకేం సిద్ధం చేశాడు?

కుమ్మరివాడ శ్మశానానికి ఆనుకునే ఉంటుంది. ఖైరిస్ కొట్టు నాకు తెలుసు. మహమ్మారికి ముందు తాగే గిన్నెలు చేసేవాడు. గిన్నె అడుగున తాగుబోతుల బొమ్మలు వేసి కొనేవాళ్ళను నవ్వించేవాడు. ఇప్పుడు కొట్టు నిండా చావు సరుకే. నేను వెళ్ళేసరికి ఖైరిస్ చక్రం ముందు కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ రొట్టె తింటున్నాడు.

"ఆర్కిప్పస్ కడవ ఎప్పుడు చేశావు, ఖైరిస్?"

"ఏ ఆర్కిప్పస్?"

"నాటకాలు ఆడకు. పాంఫిలస్ అన్న కొడుకు. పేరుతో సహా కాల్చావు. మట్టి కలిపిననాటికి ఆ కుర్రాడు బతికున్నాడు."

రొట్టె ముద్ద గొంతులో అడ్డం పడిందేమో, నీళ్ళు తాగి మరీ మాట్లాడాడు. "బతికున్నాడు కానీ దక్కడని చెప్పారయ్యా. రక్తం కక్కుకుంటున్నాడు, వైద్యుడు చెయ్యి వదిలేశాడు అన్నారు. ఆ పాడు రోజుల్లో ఎంతమంది ముందే చెప్పి చేయించుకోలేదు? కొందరు వాళ్ళది వాళ్ళే చేయించుకున్నారు. ఇక్కడికొచ్చి, ఈ గోడకానుకుని, బొమ్మలో ముక్కు సరిగ్గా వెయ్యమని బేరాలాడి, వారం తిరక్కుండా పోయారు. నేనేం అడుగుతాను?"

"ఆర్కిప్పస్ గుర్రంలా ఉన్నాడు. రక్తమూ కక్కలేదు, ఏమీ కక్కలేదు. ఎవరొచ్చి చెప్పారు నీకు?"

"ఆ నవ్వే అతను. మోస్కియన్."

"ఈ మాట రేపు న్యాయాధికారి ముందు చెబుతావా?"

"స్ట్రాటన్, నాకు నీలాగా ఈ ఊళ్ళో ఓటు లేదు. పై ఊరినించొచ్చి బతుకుతున్నవాణ్ణి. పాంఫిలస్ మీద నోరెత్తితే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా? నా ఇద్దరు కొడుకుల్నీ ఇదే మట్టిలో పెట్టాను. వాళ్ళని వదిలి ఎక్కడికి పోను?"

అక్కడే ఒక బోర్లించిన తొట్టి మీద కూలబడ్డాను. ఎటు చూసినా తెల్లటి నూనెబుడ్లు. శవానికి పూసే నూనె పోసి సమాధిలో పెట్టే బుడ్లు. సన్నటి మెడ, ఒంటి చెవి, తెల్లపూత మీద సన్నటి గీతల్లో బొమ్మలు. మా అమ్మకు పెట్టాను, నా భార్య తమ్ముడికి పెట్టాను. బల్ల మీద ఒకటి విడిగా ఉంది, పక్కన రంగుల చిప్పలు. అది అప్పటికే కాల్చింది. పైపూత రంగులు మాత్రం ఇప్పుడిప్పుడే వేస్తున్నాడు, తడి మెరుస్తోంది.

కుర్చీలో ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఒళ్ళో పొత్తిళ్ళ బిడ్డ. ఎదురుగా రెల్లు పొదల్లో పడవ, అందులో గడ్డం పెరిగిన పడవవాడు గెడ మీద ఒరిగి, రమ్మని చెయ్యి చాపి ఉన్నాడు. చచ్చినవాళ్ళను ఆవలి గట్టుకు దాటించేవాడు వాడు. స్త్రీ వస్త్రానికి ఎర్రరంగు సగం పడింది. బిడ్డకు ఇంకా రంగే వెయ్యలేదు.

తలపైన రెండు వరుసల అక్షరాలు. నేను మెల్లిగా చదివేవాణ్ణి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను.

"మెలిన్న. ఆర్కిప్పస్ భార్య."

కాసేపు నాకు ఆనందమే కలిగింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. భార్య! పది రోజులుగా ఊరంతా తిరిగి ఒక్కడి నోటా పలికించలేని మాట. పాంఫిలస్ స్వయంగా రాయించాడు! ఇది తీసుకెళ్ళి న్యాయాధికారి ముందు పెడితే చాలు అనుకున్నాను. ఆ తర్వాత అది ఎలాంటి బుడ్డో గుర్తొచ్చింది.

"ఖైరిస్, ఇది ఎవరు చెప్పారు?"

"అతనే. పాపం, ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి తల్లీ బిడ్డా పోయారట కదా."

"పోయారని చెప్పాడా? పోతారని చెప్పాడా?"

ఖైరిస్ చేతిలోని రొట్టె పక్కన పెట్టాడు.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఏమన్నాడు?"

"ఈ పొద్దునే వచ్చి, ఎల్లుండి తెల్లవారకముందే పూడుస్తామన్నాడు. అంటే... అంటే పోయారనే అనుకున్నాను."

"చచ్చిన మూడోనాడు పూడుస్తారు. ఎల్లుండి పూడుస్తామంటే చావు ఎప్పుడు?"

వాడు వేళ్ళు మడవబోయి ఆపేశాడు. "ఈ రోజు" అన్నాడు.

ఎంత పకడ్బందీగా ఆలోచించారు! మెలిన్న బతికుంటే భార్య కాదు. కడుపుతో ఉన్న పిల్ల కోర్టులో నిలబడి ఏడిస్తే న్యాయాధికారి మనసు ఎటు తిరుగుతుందో చెప్పలేం, కాబట్టి ఆమె అక్కడిదాకా రాకూడదు. బిడ్డతో సహా పోయాక మాత్రం నిక్షేపంగా భార్యే. వారసుడు లేడు, ఫిర్యాదు చేసేవాడు లేడు, ఇక ఒప్పుకుంటే పోయేదేముంది? కోడలి సమాధిలో ఖరీదైన బుడ్డి పెట్టి, అన్యాయంగా అనుమానించానే అని పాంఫిలస్ నలుగురి ముందు ఏడుస్తాడు. ఊరంతా వాణ్ణి ఓదారుస్తుంది.

"ఆ బుడ్డి నాకివ్వు" అన్నాను లేస్తూ.

నేను ఒక్క అడుగు వేసేలోపే ఖైరిస్ తడిగుడ్డ తీశాడు. ఆ ముసలాడు అంత చురుగ్గా కదలగలడని నేననుకోలేదు. ఒక్క తుడుపు. "ఆర్కిప్పస్ భార్య" అన్న వరుస ఎర్రటి మరకై తెల్లపూత మీద సాగింది. రెండో తుడుపుకి అదీ లేదు.

"నేనేమీ రాయలేదు" అన్నాడు. "నా కొట్లో అలాంటిదేమీ లేదు. వెళ్ళిపో, నీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపో!"

వాణ్ణి కొట్టాలని చెయ్యి లేచింది. కొట్టి ఏం చెయ్యను? వాడి వెనక గోడ మీద రెండు చిన్న బుడ్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి, అమ్మకానివి కావు. చెయ్యి దించుకుని వీధిలోకి పరిగెత్తాను.

నా వయసువాడు పరిగెత్తితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నవ్వినవాళ్ళు నవ్వారు. గాడిదలవాడు ఒకడు తిట్టాడు. పట్నం గుమ్మం దాటి, చెప్పులవాళ్ళ సందు దాటి, ఆర్కిప్పస్ ఇల్లున్న వీధి మలుపు తిరిగేసరికి ఊపిరి అందక గోడ పట్టుకున్నాను. తలుపు మూసి ఉంది. లోపలినుంచి గడియ వేసి ఉంది. దబదబా బాదాను.

"ఎవరు?" మోస్కియన్ గొంతు, తలుపు అవతలే.

"తలుపు తియ్యరా!"

"గురువుగారా? ఇంట్లో మగదిక్కు అనుమతి లేకుండా ఆడవాళ్ళుండే ఇంట్లో అడుగు పెట్టినవాణ్ణి చంపినా తప్పులేదన్నది కూడా మీరు చెప్పిన పాఠమే. రేపు విచారణలో కలుద్దాం."

"మెలిన్నను ఒక్కసారి చూపించు. ఇక్కణ్ణుంచే చూస్తాను."

"మంత్రసాని వచ్చింది. లోపల ఉంది. ఈ పూట కుదరదు."

"ఎనిమిదో నెలలో మంత్రసాని ఎందుకురా?"

అడుగుల చప్పుడు దూరమైంది. న్యాయాధికారి దగ్గరికి పరిగెత్తనా? ఏమని చెప్పను? తుడిచేసిన బుడ్డి చూశానని చెప్పనా, నోరు విప్పని కుమ్మరి సాక్షి అని చెప్పనా? వెళ్ళి వచ్చేలోగా ఇక్కడేమవుతుంది?

"కాస్త జరుగు నాయనా, నీళ్ళు ఒలుకుతాయి" అంది ఎవరో వెనకనుంచి.

పక్కింటి గ్లికే. డెబ్భై ఏళ్ళ ముసలావిడ. నిండు నీళ్ళకుండ చంకనెత్తుకుని ఆయాసపడుతూ వచ్చింది. నన్ను పక్కకు తోసి, కుండను సరిగ్గా గుమ్మం ముందు దించి, పైన ఒక మట్టి చిప్ప బోర్లించింది.

చావు జరిగిన ఇంట్లో నీళ్ళు మైల. అందుకే పక్కింటివాళ్ళ నీళ్ళు తెచ్చి గుమ్మం బయట పెడతారు, పలకరించి వెళ్ళేవాళ్ళు చల్లుకుని మైల పోగొట్టుకోవాలి గనుక. ఆ కుండ ఉన్న ఇల్లంటే శవం ఉన్న ఇల్లే.

"ఎవరు పోయారమ్మా?" అన్నాను.

"ఏమో నాయనా, నాకేం చెప్పారు? పొద్దున పనిమనిషి వచ్చి, చీకటి పడ్డాక ఒక కుండ నీళ్ళు గుమ్మం ముందు పెట్టమంది. చీకటి పడ్డాక నా కళ్ళు కనపడతాయా? పైగా మా అమ్మాయింటికి వెళ్ళాలి. అందుకని ఇప్పుడే తెచ్చేశాను." చెవి ఒగ్గి తలుపు వైపు వింది. "ఏడుపే వినపడదేం? ఎవరూ పోలేదా ఏమిటి?"

పైన మేడగది కిటికీ చెక్క కిర్రుమంది. తలెత్తాను. మెలిన్న. మొగుడి కోసం కత్తిరించుకున్న పొట్టి జుట్టు, పాలిపోయిన మొహం, ఒక చెయ్యి పొట్ట మీద. రెండో చేతిలో ఆవిరి కక్కుతున్న గిన్నె. వెనకనుంచి ఎవరిదో ఆడగొంతు, "చల్లారిపోతుంది, తాగెయ్యమ్మా" అంటోంది.

మెలిన్న ముందు నన్ను చూసింది. తర్వాత గుమ్మం ముందున్న కుండను చూసింది.

"పెదనాన్నా" అంది, "మా ఇంట్లో ఎవరు పోయారు?"